వెనక చక్రాల వేడి

పోయిన నెల కొత్త కారు తీసుకున్నాను, కరెంటుతో నడిచేది. ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురం నుంచి ఆఫీసుకి మొదటిసారి తీసుకెళ్తూ, ముందు ట్రాఫిక్ కనిపించి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. బండి దానంతటది తేలిగ్గా దొర్లుతూ పోవాల్సింది పోయి, వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టు గుంజుకుంది. మళ్ళీ తొక్కి మళ్ళీ తీశాను. మళ్ళీ అదే లాగుడు. నాకు కోపం రావడానికి ఇంతకన్నా చిన్న కారణాలే చాలు. బండి పక్కకి ఆపి షోరూమ్‌కి ఫోన్ చేసి, బ్రేకులు పట్టేసిన బండి నాకు అంటగట్టారని ఊపిరి తీసుకోకుండా తిట్టాను. అవతలి మనిషి అంతా విని, అది బ్రేకు కాదనీ, కాలు తీయగానే మోటారే బండిని నెమ్మది చేసి ఆ బలంతో బ్యాటరీ నింపుకుంటుందనీ, కావాలంటే సెట్టింగ్స్‌లో తగ్గించుకోవచ్చనీ చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు. పుణెలో ఉండే అక్కకి వాయిస్ మెసేజ్ పెట్టాను. అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది, ఒకటే వాక్యం: "చక్రాలు ముట్టుకుని చూశావా?"

మామూలుగా అయితే అక్క మెసేజ్‌కి చూసిన క్షణంలోనే బదులిస్తాను. ఆ రోజు సాయంత్రం దాకా ఇవ్వలేకపోయాను.

అప్పట్లో మేం సరోజినీ నగర్‌లో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసర్. విజయనగరం నుంచి వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయినా, ఢిల్లీ తనని ఎక్కడో ఒకచోట మోసం చేసి తీరుతుందని ఆయనకి గట్టి నమ్మకం. రిటైరై ఊరెళ్ళిపోతున్న పై ఆఫీసర్ దగ్గర తెల్లటి చిన్న కారు ఒకటి కొన్నారు. మా లైనులో కారున్న ఇళ్ళు అప్పటికి మూడే. ఆదివారం పొద్దున్నే రేడియో పెట్టుకుని, గడ్డం గీసుకుని, స్నానం కూడా చేయకుండా ముందు బండి దగ్గరికి వెళ్ళేవారు. ఖాకీ కవరు తీసి నాలుగు మడతలు పెట్టేవారు. పసుపుపచ్చ గుడ్డతో అద్దాలు తుడిచి, టైర్లని ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూసేవారు. లోపల పాత రెక్సిన్ వాసన, పెట్రోలు వాసన, వాటి మీద అమ్మ డ్యాష్‌బోర్డులో పడేసిన కర్పూరం బిళ్ళల వాసన. ఆ మూడూ కలిసి ఎండలో కాగితే నాకు వాంతి వచ్చేది. అయినా ముందు సీటు కోసం అక్కతో కొట్లాడేదాన్ని. నాకప్పుడు పదేళ్ళు, అక్కకి పంతొమ్మిది. గెలిచేది నేనే. అక్క వదిలేసేది కాబట్టి.

పెట్రోలు ఆదా విషయంలో నాన్నకి ఒక పద్ధతి ఉండేది. ఆయనకనే కాదు, ఆ కాలనీలో బండి ఉన్న ప్రతి ఉద్యోగికీ ఉండేది. ఫ్లైఓవర్ ఎక్కేదాకా ఇంజను పని, దిగేటప్పుడు దేవుడి పని. పైకి చేరగానే గేరు తీసి న్యూట్రల్‌లో వేసేవారు. ఇంజను గొంతు తగ్గిపోయి, టైర్ల చప్పుడూ గాలి చప్పుడూ మాత్రమే మిగిలేవి. బండి కిందికి జారి, సమంగా ఉన్న రోడ్డు మీద కూడా ఇంకా పోతూనే ఉండేది. మొదట బస్టాపు దాటేది, తర్వాత వేపచెట్టు, ఆ తర్వాత పాల బూతు. బూతు దగ్గరికి వచ్చేసరికి నడిచే మనిషి వేగానికి వచ్చేసేది. వెనక బస్సువాళ్ళు హారన్లు కొట్టి తిట్టినా నాన్న మొహంలో మార్పుండేది కాదు. "చూశావా, చుక్క పెట్రోలు లేకుండా ఎంత దూరం వచ్చామో" అనేవారు. అమ్మ వెనక సీట్లోంచి, "ఇలాగే విజయనగరం దాకా దొర్లించుకుపోదాం లెండి, టికెట్లు కలిసొస్తాయి" అనేది.

అమ్మకి ఆయాసం. ఢిల్లీ చలికాలం ఆవిడకి పడేది కాదు. పొగమంచు మొదలవగానే ఇంట్లో వాము వేయించిన వాసన, నీలగిరి తైలం వాసన, ట్రంకు పెట్టెలోంచి తీసిన రజాయిల కలరా ఉండల వాసన. వీధిలో కాపలావాళ్ళు టైరు ముక్కలూ పుల్లలూ వేసి మంట కాచుకునేవాళ్ళు. ఆ పొగ కిటికీ సందుల్లోంచి వచ్చిందంటే అమ్మ మంచం మీద లేచి కూర్చునేది. ముందు ఏడాది చలికాలంలో నాన్న భోపాల్ టూరుకి వెళ్ళినప్పుడు ఒక పొద్దున అమ్మకి ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా అయిపోయాయి. బయట మంచుకి పది అడుగుల అవతల మనిషి కనిపించడం లేదు. ఆటోస్టాండుకి పరిగెత్తాను, ఒక్క ఆటో లేదు. చివరికి పక్కింటి శర్మా అంకుల్ స్కూటర్ తీశారు. అమ్మని మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఆంటీ పట్టుకుని, అలా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను వెనక్కి తిరిగి చూస్తే అక్క మా కారు పక్కన నిలబడి ఉంది. తాళంచెవి చేతిలోనే ఉంది. బండి ఉంది, పెట్రోలు ఉంది, నడిపే మనిషి లేదు.

అమ్మ అప్పటికి గండం గడిచి బయటపడింది. నాన్న టూరు నుంచి రాగానే అక్క, "నాకు డ్రైవింగ్ నేర్పించండి నాన్నా" అంది. ఆయన అదీ ఇదీ అని వేసవి దాటించేసి, వానలు తగ్గాక ఒప్పుకున్నారు. లెర్నర్ లైసెన్సు వచ్చింది. ఆదివారాలు పొద్దున్నే ఖాళీగా ఉండే పెద్ద రోడ్ల మీద నేర్పేవారు. నేర్పడమంటే అరవడమే. "క్లచ్చు! క్లచ్చు మీద కాలు తీయి! అది కాలు పెట్టుకునే పీట కాదు!" అక్క మాత్రం కిక్కురుమనకుండా, పరీక్ష రాస్తున్న పిల్లలా కళ్ళు చిన్నవి చేసుకుని నడిపేది.

ఇక మార్కెట్లో జరిగింది చెప్పాలి. ఢిల్లీలో అప్పటికీ ఇప్పటికీ ఒక అలవాటుంది. పార్కింగ్ కిక్కిరిసినప్పుడు బండ్ల వెనక బండ్లు పెట్టేస్తారు. ఎవరి బండి బయటికి తీయాలన్నా అడ్డంగా ఉన్నవాటిని చేత్తో తోసి జరుపుతారు. అందుకే పార్కింగ్ అతను ముందే చెప్తాడు, హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, న్యూట్రల్‌లో వదిలెయ్యండి అని. దసరా ముందు అమ్మకి స్వెటర్ కొనడానికి వెళ్ళాం. అమ్మ, నేను బట్టల కొట్లోకి, నాన్న మందుల షాపులోకి వెళ్ళాం. బండి పెట్టిన అక్కతో పార్కింగ్ అతను, "దీదీ, హ్యాండ్‌బ్రేక్ మత్ లగానా" అన్నాడు. అందరూ చేసినట్టే అక్కా చేసింది. మేం తిరిగి వచ్చేసరికి బండి రెండు గజాలు ముందుకెళ్ళి ఒక స్కూటర్‌కి ఆనుకుని ఉంది. బంపరు మీద వేలెడంత నొక్కు.

"ఎవడో చెప్తే బ్రేకు తీసేస్తావా? రేపు తాళం ఇమ్మంటే ఇచ్చేస్తావా?" అన్నారు నాన్న.

"అందరూ అలాగే పెడతారు నాన్నా."

"అందరిదీ వేరు. మన బండి మనం పెట్టినచోటే ఉండాలి."

మర్నాడు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని గుడ్డూ మెకానిక్ దగ్గరికి వెళ్ళారు. వెనక గల్లీలో చెట్టుకింద రిపేర్లు చేసేవాడు, నన్ను చూస్తే "ఆవో, మిర్చీ మేడమ్" అనేవాడు. హ్యాండ్‌బ్రేక్ కేబులు బిగించమన్నారు నాన్న. గుడ్డూ భయ్యా సీట్ల మధ్య వంగి నట్టు తిప్పాడు. నాన్న హ్యాండ్‌బ్రేక్ పిడి పైకి లాగి ఉంచి, బండి దిగి, వెనక నుంచి భుజం ఆనించి తోసి చూసి, ఇంకా బిగించమన్నట్టు "ఔర్" అన్నారు. మళ్ళీ తిప్పాడు. "ఔర్ థోడా." మూడోసారి గుడ్డూ భయ్యా తల పైకెత్తి, "బాబూజీ, ఔర్ భీ?" అని అడిగాడు. ఇద్దరు పహిల్వాన్లు తోసినా కదలకూడదు అన్నారు నాన్న. "జైసా ఆప్ బోలే" అని అతను ఇంకో చుట్టు తిప్పేశాడు. అంతకుముందు ఆ పిడి పైకి లాగితే కటకటకట అంటూ చాలాసేపు వచ్చేది. ఇప్పుడు రెండు కటకలకే బిగిసిపోయింది. నాన్న చాలా సంతోషించారు. దారిలో నాకు చాకొబార్ ఐస్‌క్రీం కొనిపెట్టారు.

ఆ వారంలోనే బండి బరువెక్కింది. ఫ్లైఓవర్ దిగి పాల బూతు దాకా రావాల్సింది వేపచెట్టు దగ్గరే నీరసపడింది. తర్వాతి వారం బస్టాపు కూడా దాటలేదు. నాన్న టైర్లలో గాలి కొట్టించారు, డిక్కీలో ఉన్న సామాన్లు తీయించారు, ప్లగ్గులు తుడిపించారు. ఏం చేసినా కాలు తీస్తే చాలు, బురదలో పోతున్నట్టు ఆగిపోయేది. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని ఒక తీర్పుకి వచ్చారు. ఇన్నాళ్ళూ బాగున్న బండి, అక్క చెయ్యి పడ్డాకే ఇలా అయింది. కాబట్టి కారణం అక్క. క్లచ్చు మీద కాలు పెట్టి కాల్చేసింది.

"టెస్టు వచ్చే నెల ఉంది నాన్నా" అంది అక్క.

"బండి మిగిలితే కదా టెస్టు" అని తాళంచెవి తీసుకెళ్ళి ఆఫీసు బ్యాగులో వేసుకున్నారు. డిసెంబరులో ఆయనకి మళ్ళీ టూరుంది. ఆ సంగతి నలుగురికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం ఊరుకోలేదు. తలుపులు ధడేలుమనిపించాను, ఒక పూట అన్నం మానేశాను, ఆయన షేవింగ్ బ్రష్ కూలర్ వెనక దాచాను. ఏమీ పనిచేయలేదు. గుడ్డూ భయ్యా దగ్గర నేను కళ్ళారా చూసినదానికీ, బండి బరువుకీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు.

దీపావళి తర్వాత ఆదివారం సుబేదార్ అప్పలనాయుడు గారు భోజనానికి వచ్చారు. కంటోన్మెంట్‌లో ఉండేవారు, మిలిటరీ బండ్లు బాగుచేసే విభాగంలో పని, ఊరు శ్రీకాకుళం అవతల. తెలుగు అసోసియేషన్ భోజనాల్లో పరిచయమై, అమ్మ చేసే నువ్వుల పచ్చడి కోసం నెలకోసారి వచ్చేవారు. నాన్న బండి గోడు చెప్పుకున్నారు, అక్క క్లచ్చు కథతో సహా. ఆయన కంచం ముందు కూర్చోబోతున్నవారల్లా లేచి, "బువ్వ ఎక్కడికీ పోదమ్మా, ముందు బండి సూద్దారి" అన్నారు. నాన్న నడుపుతుంటే ఆయన పక్కన, నేనూ అక్కా వెనక. ఫ్లైఓవర్ మీద నాన్న ఎప్పటిలాగే న్యూట్రల్ వేశారు.

"దిగుడులో ఇలగెయ్యకండి సార్, భారమంతా బ్రేకు మీద పడిపోద్ది" అన్నారు సుబేదార్ గారు. "సరే, ఏసేసారు కదా. ఇప్పుడు బ్రేకు తొక్కకండి. అదే ఆగనీండి."

బండి బస్టాపుకి ఇవతలే ఆగిపోయింది. ఆయన పక్కకి పెట్టించి దిగారు.

"సార్, న్యూట్రల్‌లో ఉన్నప్పుడు ఇంజనుకీ సక్రాలకీ సమ్మందం తెగిపోద్ది. క్లచ్చి కాలిపోయినా, బూడిదైపోయినా, ఇక్కడ బండిని పట్టుకుని లాగలేదు. మరి పాపనెందుకంటారు?"

సుబేదార్ గారు నన్ను పిలిచారు. "ఓ గుంటా, ఇలగ రా. సక్రాలు ముట్టుకుని సూడు. అరచెయ్యి కాదు, చెయ్యి తిరగెయ్యి. కాలిందనుకో, ఎనక్కి లాగేసుకోడానికి ఈలుగా ఉంటది."

ముందు చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక చక్రం దగ్గరికి చెయ్యి పోకముందే సెగ తగిలింది, పెనం మీద చెయ్యి పెట్టినట్టు. రెండో వైపూ అంతే. కాలిన వాసన కూడా వస్తోంది. "బ్రేకు తొక్కకుండానే ఎనకవి రెండూ మాడిపోతన్నాయంటే, లోపల ఎప్పుడూ రాసుకుంటన్నాయన్న మాట. ఎనక సక్రాల్ని పట్టుకునేది ఇంకోటుంది కదా" అంటూ ఆయన బండిలోకి వంగి హ్యాండ్‌బ్రేక్ లాగారు. కట, కట. బిగిసిపోయింది. ఆయన నవ్వారు. "ఆరేడు కటకలు రావాల సార్ దీనికి. ఇది దించినా ఒదల్దు. రాత్రీ పగలూ బ్రేకు ఏసుకునే తిరుగుతన్నారు మీరు." ఇంటి దగ్గర జాకీ వేసి వెనక చక్రం పైకి లేపారు. చేత్తో తిప్పితే గర్రుమని పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. సీట్ల మధ్య నట్టు వదులు చేశాక ఒక్క తోపుకి నాలుగైదు చుట్లు తిరిగింది. నూనె చేతులు తుడుచుకుంటూ ఆయన మామూలుగా, ఏ ఉద్దేశమూ లేకుండా అడిగారు. "ఎవులు బిగించారు సార్ దీన్ని ఇంతలా?"

నాన్న జాకీ కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన పెదవులు కదిలాయి. అది నేను స్పష్టంగా చూశాను. కానీ అప్పటికే నా నోరు తెరుచుకుంది. కోపమొస్తే నాకు తెలుగు అందేది కాదు. "పాపా నే! పాపా నే ఖుద్ టైట్ కర్వాయా థా! ఔర్ డాంట్ దీదీ కో పడీ!" అని లైను మొత్తం వినిపించేలా అరిచాను. బిగించింది ఆయన, తిట్లు అక్కకి. ఎండలో కూర్చుని స్వెటర్లు అల్లుకుంటున్న ఆంటీలందరూ సూదులు ఆపి మావైపు చూశారు. శర్మా అంకుల్ పేపరు దించారు.

"అవును" అన్నారు నాన్న. ఆ ఒక్కటే. కడ్డీని డిక్కీలో పెట్టి, పసుపు గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని లోపలికి వెళ్ళారు. భోజనాల దగ్గర సుబేదార్ గారు ఏవో బోర్డరు కబుర్లు చెప్పి అందర్నీ నవ్వించడానికి చూశారు. నాన్న పెరుగన్నం కలుపుకుని తినకుండా లేచారు.

నేను గెలిచానని గంతులేస్తుంటే, సాయంత్రం మేడ మీద అక్క నన్ను పట్టుకుంది. "ఎందుకరిచావే?"

"నీకోసమే. ఆయన ఎప్పటికీ చెప్పేవారు కాదు."

"చెప్పేవారేమో. చెప్పనిచ్చావా?"

ఆయన పెదవులు 'నేనే' అనడానికి కదిలాయా, 'ఆ మెకానిక్' అనడానికి కదిలాయా? ఒక్క క్షణం ఆగి ఉంటే తెలిసిపోయేది. తర్వాత చాలా ఏళ్ళు మా ఇద్దరికీ బాగానే గడిచింది, కానీ ఆయన్ని ఆ మాట అడిగే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు. ఇవాళ నా బండి తన సంగతులన్నీ తనే చెప్పేసుకుంటుంది. ఏ టైరులో గాలి తగ్గిందో, బ్రేకు ఎక్కడ పట్టిందో తెర మీద రాసి చూపిస్తుంది. ఎవరి వల్ల అని ఇంటిల్లిపాదీ నెలరోజులు మొహాలు మాడ్చుకోనక్కర్లేదు. అది మంచిదే. కానీ మనిషి తన తప్పు తనే ఒప్పుకోవడానికి నోరు తెరిచే ఆ కాస్త వ్యవధి గురించి ఏ తెరా చెప్పదు. అది నాకు తెలియాల్సిన వయసులో తెలియలేదు. ఇప్పుడు తెలిసి కూడా, షోరూమ్ అతని మీద ఫోన్‌లో అరిచేశాను.

నాన్న అక్కకి క్షమాపణ చెప్పలేదు. మర్నాడు పొద్దున చూస్తే తాళంచెవి ఆమె పుస్తకాల మీద ఉంది. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి, క్లచ్చు మీద అరుపులు తగ్గాయి. అక్క టెస్టు పాసయింది. డిసెంబరులో నాన్న టూరు వచ్చింది. ఎప్పుడూ స్టేషనుకి ఆటోలో వెళ్ళే మనిషి ఆ రోజు సూట్‌కేసు తెచ్చి మా బండి వెనక సీట్లో నా పక్కన పెట్టి, తను ముందు ఎడమ వైపు కూర్చున్నారు. మంచు ఇంకా విడలేదు. అక్క నెమ్మదిగా నడిపింది. దారి పొడుగునా నాన్న ఒక్కసారీ అరవలేదు, కుడికాలితో మాత్రం లేని బ్రేకుని తొక్కుతూనే ఉన్నారు. నిజాముద్దీన్ స్టేషను బయట దిగి, సూట్‌కేసు తీసుకుని, రెండడుగులు వేసి వెనక్కి వచ్చి అక్క కిటికీ దగ్గర వంగారు.

"అమ్మకి ఆయాసమొస్తే వెనక సీట్లో పడుకోబెట్టకు. ముందు కూర్చోబెట్టు. చలైనా సరే, అద్దం నాలుగు వేళ్ళు దించి ఉంచు."

"సరే నాన్నా."

తర్వాత నా వైపు చూశారు. "నువ్వు వెనక కూర్చో. అక్క నడుపుతున్నప్పుడు అరవకు."

ఆయన వెళ్ళిన ఆరో రోజు పొద్దున అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. పెదాలు మళ్ళీ నీలం. అక్క అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి, అద్దం నాలుగు వేళ్ళు దించింది. మంచులోకి బండి కదిలింది. నేను వెనక కూర్చుని, అమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఆసుపత్రి గేటు కనిపించేదాకా నోరు మెదపలేదు.